కాలింది వైరు కాదు

మాడు వాసన మొదట పట్టింది మా అత్తగారు. మే నెల, రాత్రి పదిన్నర అయ్యుంటుంది. హైదరాబాదు జవహర్‌నగర్‌లో మా వీధి శ్లాబులు పగలంతా తాగిన వేడిని ఆ వేళకు గదుల్లోకి వదులుతుంటాయి. ఏసీ ఉన్నవాళ్లు తలుపులు బిగించుకుని, లేనివాళ్లు మిద్దె మీద చాపలు పరుచుకుని పడుకునే సమయం. "పొయ్యి మీద ఏమైనా మర్చిపోయారా?" అని ఆవిడ హాల్లోంచి కేకేసింది. పొయ్యి ఎప్పుడో ఆపేశాం. ఆవిడ ఊరుకోలేదు. "పప్పు మాడితే ఇట్లా రాదు. ఇది ముక్కులో గుచ్చుతోంది" అంది.

ఆ గుచ్చుకోవడంలోనే కొంత రసాయనశాస్త్రం ఉంది. వైర్ల మీది తొడుగు పి.వి.సి. అనే ప్లాస్టిక్కు. శుద్ధమైన పి.వి.సి. బరువులో సగానికి పైగా క్లోరినే. అది మితిమీరి వేడెక్కితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు బయటికొస్తుంది. ముక్కులోని తడి తగలగానే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంటే బాత్రూములు కడిగే యాసిడ్ అవుతుంది. మాడిన పప్పుకు అంత శక్తి లేదు.

పడకగదిలో ఒకటిన్నర టన్నుల విండో ఏసీ, తొమ్మిదేళ్లది, హాయిగా చల్లగాలి ఊదుతూనే ఉంది. దాని పదహారు ఆంపియర్ల ప్లగ్గు మాత్రం ఒక పక్క గోధుమరంగుకు తిరిగింది. మెడ దగ్గర వైరు తొడుగు అప్పడంలా పెళుసెక్కింది. మీటరు బోర్డులో ఎం.సి.బి. దించి, చల్లారాక ప్లగ్గు లాగితే ఒక పిన్ను నల్లగా బయటికొచ్చింది. ఎం.సి.బి. తనంతట తాను పడలేదు. ఏసీ చల్లదనం రవ్వంత తగ్గలేదు. ఇంట్లో ఏదో కాలుతోందన్న సంగతి ఒక ముసలి ముక్కుకు తప్ప ఏ యంత్రానికీ తెలియలేదు.

మర్నాడు నాచారం నుంచి వచ్చిన మెకానిక్ కుర్రాడు కటింగ్ ప్లయరుతో, ప్లగ్గుకు జానెడు దూరంలో వైరు కత్తిరించాడు. తొడుగు ఒలిచి రాగిపోగులు చూపించాడు. తోమిన చెంబులా మెరుస్తున్నాయి. "వైరు కాలలే సార్. లూజు కాలింది" అన్నాడు. నేను ఇక్కడ రాయబోయేదంతా ఆ ఐదు మాటలకు వ్యాఖ్యానమే.

ముందు లెక్క. ఏసీ విషయంలో టన్ను అంటే దాని బరువు కాదు. మంచుగడ్డలతో గదులు చల్లబరచిన కాలం నుంచి వచ్చిన కొలత అది. ఒక అమెరికన్ టన్ను మంచు ఇరవైనాలుగు గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత, అంటే సుమారు 3.5 కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి 5.3 కిలోవాట్ల వేడిని తోడి బయట పోస్తుంది. ఆ తోడే పనికి కరెంటు నుంచి తీసుకునేది ఒకటిన్నర కిలోవాట్లు, పాతదైతే ఇంకాస్త. 230 వోల్టుల మీద అది 7, 8 ఆంపియర్లు. మన లెక్కకు 8 అనుకుందాం.

ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ తీగకు మీటరుకు 0.0133 ఓమ్ నిరోధం ఉంటుంది. వైరు రెండు మీటర్లయితే, కరెంటు పోయే తీగా తిరిగొచ్చే తీగా కలిపి నాలుగు మీటర్లు, అంటే 0.053 ఓమ్. పుట్టే వేడి కరెంటు వర్గాన్ని నిరోధంతో హెచ్చిస్తే వస్తుంది. అరవైనాలుగును 0.053తో హెచ్చిస్తే మూడున్నర వాట్లు కూడా లేవు. అది కూడా రెండు మీటర్ల పొడవునా పరుచుకున్న వేడి. చేత్తో పట్టుకుంటే తెలిసీ తెలియని వెచ్చదనం.

ఇప్పుడు ప్లగ్గులో ఒక స్క్రూ వదులైందనుకోండి. తీగకూ పిన్నుకూ మధ్య అర ఓమ్ నిరోధం చేరింది. అరవైనాలుగులో సగం, 32 వాట్లు. టీవీ రిపేరు షాపుల్లో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ సాధారణంగా 25 వాట్లది. అంతకన్నా ఎక్కువ వేడి శనగగింజంత చోట, గాలాడని ప్లాస్టిక్కు డిప్పలో రాత్రంతా పుడుతుంది. 70 డిగ్రీల దాకా పనిచేయడానికి తయారైన తొడుగు దాని ముందు ఎంతసేపు ఆగుతుంది?

మరి ఏసీకి ఎందుకు తెలియలేదు? ఆ అర ఓమ్ మింగింది నాలుగు వోల్టులే. 230 వోల్టులు రావలసిన చోట 226 వచ్చాయి. సాయంత్రం వీధిలో అందరూ ఒకేసారి ఏసీలు వేస్తే అంతకన్నా ఎక్కువే పడిపోతుంది. కంప్రెసర్ ఆ తేడాను లెక్కచేయదు.

ఎం.సి.బి. సంగతీ అంతే. అది తనలోంచి పోయే కరెంటును చూస్తుంది. 20 ఆంపియర్లది ఎనిమిదికి ఎందుకు పడాలి? ఏదైనా ముట్టుకుని షాక్ కొడితే ఆపే ఆర్.సి.సి.బి. ఉన్నా మా ప్లగ్గును పట్టుకునేది కాదు. అది ఫేజులో పోయిన కరెంటూ న్యూట్రల్లో తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అని పోల్చి చూస్తుంది. మా ప్లగ్గులో పోయినదంతా బుద్ధిగా తిరిగొచ్చింది, దారిలో కాస్త మంట పెట్టి. "ఎం.సి.బి. ఉంది కదా, ఏమీ కాదు" అని ధీమాగా ఉండేవాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పడానికైనా ఈ అధ్యాయం రాయాలనిపించింది.

అసలు స్క్రూ ఎందుకు వదులవుతుంది? ఎవరూ తిప్పలేదు కదా. ఏసీ తిరిగినప్పుడు వెచ్చబడి, ఆగినప్పుడు చల్లబడి, ఒక్క వేసవిలో ప్లగ్గులోని లోహం కొన్ని వేల సార్లు సాగుతుంది, ముడుచుకుంటుంది. రాగి ఒక కొలతలో, పిన్నుల ఇత్తడి మరో కొలతలో. ప్రతిసారీ పట్టు వెంట్రుకవాసి సడలుతుంది. సందు దొరికితే గాలి దూరి రాగి మీద ఆక్సైడు పొర కడుతుంది. రాగి మంచి వాహకమే, దాని ఆక్సైడు కాదు. క్యూప్రస్ ఆక్సైడు అర్ధవాహకం. సిలికాన్ రాకముందు, 1920ల చివర్లో, ఆ పొరతోనే ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్లు తయారు చేశారు. అప్పట్లో ఇంజనీర్లు కావాలని పెంచిన పొర మా ప్లగ్గులో పిలవకుండా వచ్చి కూర్చుంది. నిరోధం పెరిగితే వేడి, వేడెక్కితే మరింత ఆక్సైడు.

ఈ విషవలయంలో సాకెట్టు కూడా ఉంది. ప్లగ్గు పిన్నును బిగించి పట్టుకునేవి సాకెట్టు లోపలి ఇత్తడి స్ప్రింగు రేకులు. బాగా కాగితే వాటి స్ప్రింగుగుణం పోతుంది. ఉన్నట్టే ఉంటాయి, పట్టు ఉండదు. అందుకే కాలిన ప్లగ్గు తీసేసి కొత్తది కొని అదే సాకెట్టులో గుచ్చితే అదీ కాలుతుంది. మా వీధిలోనే ఒకాయన వేసవిలో మూడు ప్లగ్గులు మార్చి, మూడు కంపెనీలనూ తిట్టుకున్నాడు. మార్చాల్సింది గోడలో ఉంది.

వైరు నిజంగానే పాడయ్యే సందర్భాలు లేకపోలేదు. ఎలుకలు ఉన్నాయి. వాటి ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోవడానికి మన పి.వి.సి. వాటికి బాగానే పనికొస్తుంది. కిటికీ బయట ఎండలో వేలాడే వైరు తొడుగులోంచి మెత్తదనాన్నిచ్చే రసాయనాలు మెల్లగా పోయి, వంచితే పగులుతుంది. మంచం కోడు కింద పడి నలిగేవి, తలుపుసందులో ఇరుక్కునేవి సరేసరి. వీటన్నిటికీ ఒకటే మందు, వైరు మొత్తం మార్చడం. మధ్యలో కత్తిరించి, మెలేసి, నల్లటేపు చుట్టి "జాయింటు కొట్టడం" మన దగ్గర అలవాటు. టేబుల్ ఫ్యానుకు అది చెల్లిందేమో. ఎనిమిది ఆంపియర్లు గంటల తరబడి పోయే వైరులో చేత్తో మెలేసిన ముడి అంటే మన చేతులతో మనం పెట్టుకున్న ఇంకో లూజు. వేడికి టేపు జిగురు కరిగి జారుతుంది కూడా.

ఇక్కడ ఒక ప్రశ్న: ఎవరు మార్చాలి? ఇంటి విద్యుత్ పరికరాల భద్రతకు మన దేశంలో ఐ.ఎస్. 302 అనే ప్రమాణం ఉంది, అంతర్జాతీయ ప్రమాణాన్ని అనుసరించి రాసుకున్నది. అందులో వైరు పరికరానికి కలిసే తీరును మూడు రకాలుగా విడదీశారు. ఎక్స్ రకమైతే ఎవరైనా సులువుగా మార్చుకోవచ్చు. వై రకమైతే తయారీదారు, వాళ్ల సర్వీసు ఏజెంటు, లేదా అంతటి అర్హత ఉన్నవారు మార్చాలి. జెడ్ రకమైతే పరికరాన్ని పగలగొడితే తప్ప మార్చలేం. ఇంటి ఏసీలు ఎక్కువగా వై రకంవే. ఏసీతో వచ్చిన పుస్తకం తీసి చూడండి, వైరు దెబ్బతింటే ప్రమాదం జరగకుండా ఫలానావాళ్లతోనే మార్పించాలన్న వాక్యం దాదాపు తప్పకుండా ఉంటుంది. ఆ వాక్యాన్ని నేను చాలాకాలం కంపెనీల వ్యాపార ఎత్తు అనుకున్నాను. కాదు.

నా తీర్పు ఇది. ప్లగ్గు దగ్గర కాలి, మిగతా వైరు బాగుండి, పొడవు సరిపోతే, కాలిన ముక్క కత్తిరించి కొత్త ప్లగ్గు బిగించడం చేతిపని అలవాటున్నవాళ్లు చేసుకోవచ్చు. ఏసీ డబ్బా విప్పి రెండో కొస ముట్టుకోవాలంటే మెకానిక్‌ను పిలవండి. వారంటీలో ఉన్నదైతే సర్వీసువాళ్లనే. ఇన్వర్టర్ ఏసీ అయితే మరీనూ.

ఇన్వర్టర్ మాట ఎందుకంటే, ప్లగ్గు పీకేసినా దానిలో కరెంటు మిగిలే ఉంటుంది. దాని సర్క్యూట్ బోర్డు మీద పెద్ద కెపాసిటర్లు 325 వోల్టులకు, కొన్నింట్లో అంతకు పైన, నిండి ఉంటాయి. వెయ్యి మైక్రోఫారడ్లనుకుంటే యాభై జౌళ్లు దాటుతుంది. కిలో బాటు అయిదు మీటర్ల ఎత్తు నుంచి కాలివేళ్ల మీద పడితే ఎంతో, అంత శక్తి. పాతరకం ఏసీల కంప్రెసర్ కెపాసిటరు చిన్నది, 45 మైక్రోఫారడ్లయితే రెండు జౌళ్ల చిల్లరే, కానీ ఆ దెబ్బకు చెయ్యి విసురుగా వెనక్కొచ్చి రేకు అంచుకు కోసుకోవడానికి అది చాలు. మెకానిక్‌లు ప్లగ్గు తీశాక కాసేపు ఆగి మీటరు పెట్టి చూసేది ఇందుకే. అట్లా చూడని మెకానిక్‌ను మీరే కాసేపు మాటల్లో పెట్టి కూర్చోబెట్టండి, టీ ఇస్తే పది నిమిషాలు ఇట్టే గడుస్తాయి.

ఇక వైరు కొనడం. షాపులో "టూ పాయింట్ ఫైవ్, త్రీ కోర్ ఫ్లెక్సిబుల్" అంటే ఇస్తారు, రెండున్నర చదరపు మిల్లీమీటర్లది. పాత వైరు మీద ఎంత అని అచ్చువేసి ఉందో అంతకు తగ్గకూడదు. కాస్త లావైతే మేలే, ప్లగ్గులోనూ ఏసీ క్లాంపులోనూ పట్టాలి, అంతే. తొడుగు మీద ఐ.ఎస్. 694 అన్న అంకె, ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. అయినా నమ్మకం కుదరకపోతే ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. అంతే లావుకు రాగికన్నా నిరోధం ఒకటిన్నర రెట్లకు పైనే. మంచి రెండున్నర వైరులో పావు మిల్లీమీటరు పోగులు యాభై ఉంటాయి, ఒకటిన్నరలో ముప్ఫై. తొడుగు ఒలిచేటప్పుడు కత్తి నొక్కి పదిపోగులు తెంపేస్తే డబ్బిచ్చి కొన్న లావులో అయిదో వంతు అక్కడే పారేసినట్టు.

మన దేశంలో వైర్ల రంగుల్లో ఒక ఉచ్చు ఉంది. గోడల్లో పోయే వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. ఫ్లెక్సిబుల్ వైరులో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు చారలది ఎర్తు. త్రీ ఫేజు మీటరున్న ఇళ్లలో బోర్డు తెరిస్తే ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే. అంటే ప్లగ్గులో న్యూట్రల్‌గా ఉన్న నీలం, బోర్డులో ప్రాణం తీసే నీలం కావచ్చు. రంగును కాదు, ప్లగ్గు లోపల పిన్ను పక్కన అచ్చులో పోసిన ఎల్, ఎన్, ఈ అక్షరాలను నమ్మండి. ఎల్ ఫేజు, ఎన్ న్యూట్రల్, ఈ ఎర్తు.

పని మొదలుపెట్టేముందు స్విచ్చి, ఎం.సి.బి. రెండూ ఆపి, ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గును కళ్ల ముందే పెట్టుకోండి. వైరు రెండో చివర చేతిలో ఉన్నప్పుడు పక్కగదిలోంచి ఎవరో పిల్లవాడు "ఏసీ ఆగిపోయిందే" అని గుచ్చకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. సాకెట్టు కూడా మార్చాలి కదా, అక్కడ ప్లగ్గు పీకితే సరిపోదు, కరెంటు గోడలోంచి వస్తుంది. ఇక్కడ టెస్టరు ఒక్కదాన్నే నమ్మొద్దు. నియాన్ బుడ్డి వెలగాలంటే మన ఒంట్లోంచి అతి స్వల్పమైన కరెంటు పోవాలి. ప్లాస్టిక్కు స్టూలు మీద నిలబడితే, పట్టపగటి వెలుతురులో, అది వెలిగినా వెలగనట్టే ఉంటుంది. మెకానిక్‌ల పద్ధతి మంచిది: ముందు కరెంటు ఉందని తెలిసిన చోట మీటరు పెట్టి, తరవాత పనిచేయబోయే చోట పెట్టి, మళ్లీ తెలిసిన చోట పెట్టి చూస్తారు. మధ్యలో మీటరే చచ్చిపోలేదని రుజువు.

రాగి నల్లబడినంత మేరా కత్తిరించాలి. మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి పోండి. మూరెడు పోయినా నలుపు వదలకపోతే ఆ వైరు పని అయిపోయినట్టే. అచ్చు ప్లగ్గు కత్తిరించి పారేసేటప్పుడు పిన్నులు వంచో, విరిచో పారేయండి. బొడ్డుతాడులా వైరుముక్క వేలాడే ప్లగ్గును ఏ పసివాడో సాకెట్టులో పెడితే ఆ ముక్క చివర 230 వోల్టులు బయటికి చూస్తుంటాయి.

కొత్త ప్లగ్గులో పోగుల్ని గట్టిగా మెలేసి స్క్రూ తిరిగే దిక్కుకే చుట్టి బిగించాలి, లేదా కొసకు లగ్గు నొక్కించాలి. కొంతమంది జాగ్రత్తపరులు పోగులన్నీ కలిపి సోల్డరు పోసి గట్టి కడ్డీలా చేసి బిగిస్తారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, చేయకూడని పని. సోల్డరు మెత్తని లోహం, స్క్రూ ఒత్తిడికి మామూలు వేడిలోనే మెల్లగా పక్కకు పారుతుంది. ఆర్నెల్లకు మళ్లీ లూజు. ఎర్తు తీగను మిగతా రెంటికన్నా ఒక అంగుళం పొడుగ్గా వదలండి. ఎవరైనా వైరు పట్టి గుంజితే ఫేజు ముందు ఊడాలి, ఎర్తు ఆఖరున. ప్లగ్గు ఎర్తు పిన్ను పొడుగ్గా ఉండేదీ అందుకే, ముందు తగిలి చివర విడుస్తుంది. అది లావుగా ఉండేది వేరే కన్నంలో దూరకుండా. క్లాంపు పట్టుకోవాల్సింది వైరు బయటి తొడుగును, లోపలి రంగుతీగల్ని కాదు.

మీటరుతో పరీక్షించి "జీరో చూపిస్తోంది, ఓకే" అంటారు. జాగ్రత్త. యాభై పోగుల్లో నలభైతొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటరు సున్నాయే చూపిస్తుంది. పావు మిల్లీమీటరు పోగు సెంటీమీటరుకు నిరోధం ఓమ్‌లో మూడువందలో వంతు, మీటరుకు అంత చూపు లేదు. అది పంపే కరెంటు కూడా వేయింట కొన్ని వంతుల ఆంపియరే. అదే ఒంటిపోగులో ఏసీ ఎనిమిది ఆంపియర్లు తోస్తే, పాతకాలపు ఫ్యూజులో రాగిపోగు కరిగిపోయే హద్దుకు కాస్త ఇవతల ఉంటుంది. మీటరు మంచి సాక్షే, అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. ఎర్తు పిన్నుకూ ఏసీ రేకు శరీరానికీ మధ్య తీగ కలిసిందా, ఫేజు పిన్నుకూ ఎర్తు పిన్నుకూ మధ్య కలవకుండా ఉందా, ఈ రెంటికీ దాన్ని వాడండి. బిగింపు సంగతి దాన్ని అడక్కండి. ప్రతి తీగనూ పట్టి లాగి చూడండి.

ఎర్తు మాట వచ్చింది గనక కాస్త మట్టిలోకి దిగుదాం. చాలా ఇళ్లలో మూడో తీగ ప్లగ్గు నుంచి సాకెట్టు దాకా ఉంటుంది, అక్కడి నుంచి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. మీటరు దాకా డిస్కం చూసుకుంటుంది. మీటరు దాటాక ప్రతి స్క్రూ మనది, ఎర్తు గుంట కూడా మనదే.

మా వైపు నుంచి మెట్రో ఎక్కితే ఉప్పల్, స్టేడియం దాటాక ఎన్.జి.ఆర్.ఐ. స్టేషను వస్తుంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పేరు అది, 1961లో పుట్టిన సంస్థ. బోరు వేసేముందు నీళ్లెక్కడున్నాయో వెతికే పద్ధతుల్లో ఒకటి ఆ శాస్త్రానిదే: నేలలో నాలుగు కడ్డీలు గుచ్చి, బయటి రెంటి గుండా కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజి కొలుస్తారు. నిరోధం తక్కువున్న చోట తడి ఉందని అర్థం. ఎర్తు గుంట బాగుందో లేదో చెప్పేదీ ఇదే భౌతికశాస్త్రం. హైదరాబాదు కూర్చున్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద. పగుళ్లు లేని ఎండు గ్రానైటుకు నిరోధకత వేల ఓమ్-మీటర్లు. తడి బంకమట్టికి పదుల్లో.

నేల నిరోధకత వంద ఓమ్-మీటర్లున్న మంచి చోటే అనుకుందాం. మూడు మీటర్ల పొడవు, నలభై మిల్లీమీటర్ల లావున్న గొట్టం పాతితే దాని ఎర్తు నిరోధం 29 ఓమ్‌ల దగ్గర వస్తుంది. మే నెలలో నేల ఎండి అది నలభైకి చేరిందనుకోండి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్తు ఇంకో అయిదు. ఇప్పుడు కాలిన వైరులో ఫేజు ఏసీ రేకుకు తగిలింది. 230ని 45తో భాగిస్తే అయిదు ఆంపియర్ల చిల్లర. ఎం.సి.బి. కదలదు. ఆ అయిదు ఆంపియర్లు నలభై ఓమ్‌లలో పోతున్నంతసేపూ ఏసీ శరీరం మీద 200 వోల్టులకు పైగా నిలబడి ఉంటాయి. ఎర్తు ఉంది, అయినా షాక్ ఉంది. చాలామందికి మింగుడుపడని సంగతి ఇది.

దీనికి విరుగుడు ఆర్.సి.సి.బి. మనిషి పట్టుకున్న తీగను తనంతట తాను వదిలిపెట్టగల హద్దు సుమారు 10 మిల్లీఆంపియర్లని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో చార్లెస్ డాల్జీల్ వాలంటీర్ల మీద ప్రయోగాలు చేసి తేల్చాడు. అమెరికా ఇళ్లలో వాడే ఈ తరహా రక్షణ పరికరాన్ని రూపొందించిందీ ఆయనే, 1961లో. ఎన్.జి.ఆర్.ఐ. పుట్టిందీ ఆ ఏడే, కాకతాళీయం. మన ఇళ్లలో పెట్టేది 30 మిల్లీఆంపియర్లది. నలభై ఓమ్‌ల నాసిరకం ఎర్తులోనూ రేకు మీద ఒకటిన్నర వోల్టు కూడా చేరకముందే అది పడిపోతుంది. మనిషి ఫేజును నేరుగా ముట్టుకున్నా రెప్పపాటులో కోస్తుంది.

అంటే కాపలాదారులు ముగ్గురు. ఎం.సి.బి. ఎక్కువ కరెంటును చూస్తుంది, ఆర్.సి.సి.బి. దారితప్పిన కరెంటును చూస్తుంది. వదులైన స్క్రూ మాత్రం ముక్కుకూ చేతికీ వదిలేసిన శాఖ. వేసవిలో ఎర్తు గుంటలో రెండు బిందెల నీళ్లు పోసే పాత అలవాటును కొత్త ఇళ్లవాళ్లు నవ్వుతూ మానేశారు. ఆ నవ్వు తొందరపాటు.

మా ఏసీకి ఆ కుర్రాడు వైరు, ప్లగ్గు, సాకెట్టు, మూడూ మార్చాడు. సాకెట్టు మార్చనక్కర్లేదేమో అని నేను నసిగితే, పాతదాన్ని విప్పి లోపలి రేకును వేలితో నొక్కి చూపించాడు. అది నొక్కిన చోటే ఉండిపోయింది.

మీ ఇంట్లో ఈ రాత్రి ఏసీ అరగంట తిరిగాక రిమోటుతో ఆపి, సాకెట్టు స్విచ్చి కట్టేసి, ప్లగ్గు వీపు మీద అరచెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పడుకోండి. చెయ్యి ఉంచలేనంత వేడిగా ఉంటే ఎం.సి.బి. కూడా దించి, ఈ ఒక్క రాత్రికి ఫ్యాను కింద పడుకోండి.